ఏ దారిన పుడితే ఏ మెదడు? - కాన్పు, తెలివి, కులం

'సిజేరియన్ పిల్లలకు మెదడు ఎదుగుదల తక్కువ' అనే మాట ఇప్పుడు మన పల్లెల దాకా వచ్చింది. ప్రొద్దుటూరు ఆసుపత్రుల వరండాల్లో వినొచ్చు. జమ్మలమడుగు బస్సులో వినొచ్చు. పులివెందుల అంగన్‌వాడీ ముందర వినొచ్చు. కడుపు కోసి తీసిన బిడ్డ మొద్దుగా ఉంటుందని అత్త అంటుంది. నొప్పులు పడి కన్న బిడ్డే చురుకని పక్కింటామె అంటుంది. పిల్లవాడికి లెక్కలు రాకపోతే 'వీడు ఆపరేషన్ బిడ్డా?' అని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. ఈ మాటకు శాస్త్రం అండ కూడా ఉందంటున్నారు. అమెరికాలో పసిబిడ్డల మెదళ్లకు స్కానింగ్ చేసి తేల్చారని చెప్తున్నారు.

ఆ అధ్యయనం నిజంగానే ఉంది. కాని అది చెప్పింది ఒకటి, దాని పేరు మీద ప్రచారమవుతున్నది ఇంకొకటి. ఇది సామాన్యమైన పొరపాటు అనుకుని వదిలేయడానికి వీల్లేదు. పుట్టుకను బట్టి తెలివిని లెక్కగట్టడం ఈ దేశానికి కొత్త కాదు. ఆ లెక్కలో తరతరాలుగా నష్టపోయినవాళ్లం మనం. అందుకే కాన్పు గురించీ మెదడు గురించీ ఎవరేం మాట్లాడినా దళిత విమర్శ అందులో తలదూర్చాల్సిందే. 'అది డాక్టర్ల సంగతి, మనకెందుకు' అని ఊరుకుంటే, మన పిల్లల తెలివి గురించి మాట్లాడే హక్కును మళ్లీ పరాయివాళ్ల చేతుల్లో పెట్టినట్టే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్తాను. బిడ్డ ఏ దారిన బయటికి వచ్చిందన్నది దాని మెదడు తలరాతను రాయదు. వచ్చేటప్పుడు ఊపిరి అందిందా, నెలలు నిండాయా, తల్లి ఒంట్లో రక్తం ఉందా - ఈ మూడూ ఎక్కువగా రాస్తాయి. ఈ మూడూ అందరికీ ఒకేలా అందవు. కులం చూసి, డబ్బు చూసి అందుతాయి. 'మామూలు కాన్పా, ఆపరేషనా' అనే వాదన ఈ అసలు సంగతిని కప్పేస్తున్నది.

1. అధ్యయనం ఏం చెప్పింది?

2019లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీ అనే పత్రికలో షాన్ డియోని, మరికొందరు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. సిజేరియన్ పసిబిడ్డ మెదడు ఎదుగుదల మీద ప్రభావం చూపుతుందనేదే దాని శీర్షిక. మొత్తం 306 మంది పిల్లల్ని మూడు గుంపులుగా చూశారు. మొదటి గుంపులో రెండు వారాల పసికందులు 43 మంది. వాళ్లలో 32 మంది మామూలుగా పుట్టినవాళ్లు, 11 మంది ఆపరేషన్‌తో పుట్టినవాళ్లు. రెండో గుంపులో ఎనిమిదేళ్ల పిల్లలు 60 మంది. ఈ రెండు గుంపుల్నీ ఆర్కాన్సాస్ పిల్లల ఆసుపత్రిలో చూశారు. మూడో గుంపు బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మూడు నెలల నుంచి ఐదేళ్ల దాకా గమనిస్తూ వచ్చిన 203 మంది.

రెండు వారాల పసికందుల్లో తేడా కనిపించింది. ఆపరేషన్‌తో పుట్టినవాళ్లలో మెదడులోని తెల్ల పదార్థం ఎదుగుదల కొంత తక్కువగా ఉంది. కరెంటు తీగకు పైన తొడుగు ఉన్నట్టే నరాల తీగలకు మైలిన్ అనే పొర ఉంటుంది. ఆ పొర ఎంత ఏర్పడిందన్నది ఇందులో ముఖ్యం. మూడో గుంపులోనూ పసితనంలో ఆ తేడా కనిపించింది. వయసు పెరిగేకొద్దీ అది కరిగిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఏ తేడా లేదు.

ప్రచారంలో ఉన్న కథకు, ఈ ఫలితానికి మధ్య ఎంత దూరముందో చూడండి. పదకొండు మంది పసికందుల స్కానింగ్ జనం నోట్లో పడి 'సిజేరియన్ బిడ్డ మొద్దు' అయింది. ఎనిమిదేళ్లకు తేడా లేదన్న సగం మాట దారిలోనే రాలిపోయింది. పైగా మెదడు చిత్రంలో తేడా వేరు, తెలివిలో తేడా వేరు. రెండు వారాల బిడ్డ నరాల పొర కొంచెం ఆలస్యంగా ఏర్పడితే ఆ బిడ్డ రేపు పదో తరగతి తప్పుతుందని ఆ పరిశోధకులు ఎక్కడా అనలేదు.

ఇంకో చిక్కు ఉంది. సిజేరియన్ ఊరికే జరగదు. తల్లికి బీపీ పెరిగి ఉండొచ్చు, షుగర్ ఉండొచ్చు, లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గి ఉండొచ్చు. అప్పుడు బిడ్డలో కనిపించే తేడా కత్తి వల్ల వచ్చిందా, కత్తి పట్టాల్సి వచ్చిన కారణం వల్ల వచ్చిందా? తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఒకే తల్లి పిల్లల్ని పోల్చడం. 2015లో జామా సైకియాట్రీలో వచ్చిన స్వీడన్ అధ్యయనం ఆ పని చేసింది. 1982 నుంచి 2010 దాకా పుట్టిన సుమారు 27 లక్షల మంది పిల్లల రికార్డులు తీసుకుంది. పైపైన చూస్తే ఆపరేషన్‌తో పుట్టినవాళ్లలో ఆటిజం దాదాపు ఐదో వంతు ఎక్కువగా కనిపించింది. కాని ఒకే తల్లికి ఒక బిడ్డ మామూలుగా, ఇంకో బిడ్డ ఆపరేషన్‌తో పుట్టిన కుటుంబాలను విడిగా తీసి చూస్తే ఆ తేడా మాయమైంది. అంటే ఆ తేడా మూలం కాన్పు పద్ధతిలో కాక కుటుంబంలో, తల్లి ఆరోగ్యంలో ఉండి ఉండాలి.

అట్లాగని సిజేరియన్ ఏ ప్రభావమూ లేని పని అని నేననడం లేదు. నొప్పుల సమయంలో బిడ్డ ఒంట్లో కొన్ని హార్మోన్లు ఉప్పొంగి ఊపిరితిత్తుల్ని సిద్ధం చేస్తాయి. నొప్పులు రాకముందే కోసి తీస్తే ఆ సిద్ధం కావడం తగ్గుతుంది. తల్లి శరీరం నుంచి బిడ్డ పేగుల్లోకి చేరే సూక్ష్మజీవుల్లో మొదటి నెలల్లో తేడా ఉంటుంది. కోత నొప్పితో తల్లి పడుకుని ఉంటే ముర్రుపాలు పట్టడం ఆలస్యమవుతుంది. ఇవన్నీ పట్టించుకోవాల్సిన సంగతులే. అవసరం లేకుండా కోయకూడదనడానికి ఇవి చాలు. బిడ్డ నుదుటి మీద 'మొద్దు' అని ముద్ర వేయడానికి మాత్రం ఇవి చాలవు.

2. పుట్టిన దారిని బట్టి విలువ: పాత సిద్ధాంతమే

ఏ దారిన పుట్టాడో దాన్ని బట్టి మనిషి విలువ కట్టిన మొదటి పుస్తకం వైద్యశాస్త్రం కాదు. ఋగ్వేదం పదో మండలంలోని పురుష సూక్తం. ఒకడు నోటి నుంచి, ఒకడు చేతుల నుంచి, ఒకడు తొడల నుంచి, ఒకడు పాదాల నుంచి. పుట్టిన చోటును బట్టి చదువు ఒకడికి, చాకిరి ఒకడికి. మనకైతే ఆ శరీరంలో చోటు కూడా లేదు. పంచముడు ఏ దారినా పుట్టలేదు. కాన్పు పద్ధతికీ మెదడుకూ లంకె పెట్టడంలో బ్రాహ్మణీయ భావజాలం శాస్త్రవేత్తల కన్నా చాలా ముందుంది.

ఆ సిద్ధాంతం వేషం మార్చుకుంటూ వచ్చింది. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్, కులం వల్ల రక్తం శుద్ధిగా ఉంటుందనీ జాతి మెరుగుపడుతుందనీ వాదించేవాళ్లకు జవాబు చెప్పాల్సి వచ్చింది. 1990లో మండల్ కాలంలో అదే మాట 'మెరిట్' పేరుతో రోడ్డెక్కింది. మెరిట్ పుట్టుకతో వస్తుందని అనుకునేవాడికి పుట్టుక గురించి ఏ కొత్త శాస్త్రం వచ్చినా పండగే. రేపు స్కూల్లో మన పిల్లవాడు వెనకబడితే బడిలో పంతులు లేడన్న సంగతి మాట్లాడరు. ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి వెలగలేదన్న సంగతి మాట్లాడరు. 'ఆపరేషన్ బిడ్డ కదా' అనేస్తారు. నిన్న కులం పేరుతో అన్నది రేపు కాన్పు పేరుతో అంటారు. నేరం ఎప్పుడూ పిల్లవాడి శరీరంలోనే దొరుకుతుంది, ఊళ్లో దొరకదు.

ఇందులో తల్లి మీద పడే బరువు వేరు. ఆపరేషన్ చేయాలని ఆమె నిర్ణయించలేదు. కాగితం మీద వేలిముద్రో సంతకమో పెట్టించుకున్నారు. అయినా బిడ్డ మాట ఆలస్యమైతే 'నొప్పులు ఓర్చుకోలేక కోయించుకుంది' అని ఆమెనే అంటారు. కోత ఆమెకే, మాటా ఆమెకే.

భీమాబాయి, రాంజీ దంపతులకు పద్నాలుగో బిడ్డగా 1891లో మహూలో పుట్టినవాడు అంబేడ్కర్. ఆ తెలివికి కారణం కాన్పు పద్ధతేమో అని ఎవరూ అడగరు. అడిగితే నవ్వుతాం. మన కాలనీ పిల్లల గురించి అడిగినప్పుడు మాత్రం ఎందుకు నవ్వలేకపోతున్నాం?

3. 'సహజ కాన్పు' మీద మోజు

సిజేరియన్ మీద విమర్శ పెరిగేకొద్దీ ఇంకో గొంతు వినిపిస్తున్నది. 'మన అమ్మమ్మలు పొలంలోనే కని, బిడ్డను ఒడిలో వేసుకుని ఇంటికొచ్చేవాళ్లు' అంటుంది ఆ గొంతు. ఇది చాలావరకు కూలికి పోని ఇళ్ల నుంచి వస్తుంది. పొలంలో కన్నది మన అమ్మమ్మలు. సహజ ప్రసవం మీద ప్రేమతో కనలేదు. ఆ రోజు కూలి పోతే రాత్రికి సంగటి లేదు కాబట్టి తొమ్మిదో నెలలోనూ నాట్లకూ కోతలకూ పోయారు. అట్లా కన్నవాళ్లలో బతికినవాళ్ల కథలే మనకు అందాయి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి, మాయ పడక, రక్తం ఆగక చనిపోయినవాళ్లు కథలు చెప్పడానికి మిగల్లేదు.

మంత్రసాని సంగతీ ఇట్లాగే చూడాలి. మంగలి, చాకలి, మాల, మాదిగ ఆడవాళ్లే ఎక్కువగా ఆ పని చేశారు. రెడ్డి ఇంట్లో కాన్పు అయితే ఈమె రావాలి. పొట్ట తడిమి బిడ్డ తల ఎక్కడుందో చెప్పాలి, నొప్పుల మధ్య ధైర్యం చెప్పాలి, బొడ్డు కోయాలి, మాయ పాతిపెట్టాలి, మైల బట్టలు ఉతకాలి. ఆ రాత్రి ఆమె చెయ్యి ఆ ఇంటి ఆడకూతురి గర్భం దాకా పోతుంది. పురుడు తీరాక అదే చెయ్యి ఆ ఇంటి నీళ్లకుండను తాకకూడదు. కంచ ఐలయ్య తన 'పోస్ట్ హిందూ ఇండియా'లో మంగలి కులాన్ని సామాజిక వైద్యులుగా చూపించారు. ఆ చూపు అవసరమైంది. వాళ్లది విద్య. దాన్ని విద్యగా గుర్తించకుండా మైలగా గుర్తించారు.

అయితే గౌరవం వేరు, మోజు వేరు. మంత్రసాని చేతిలో నేర్పు ఉంది, ఆమె సంచిలో రక్తం సీసా లేదు. తుప్పు పట్టిన బ్లేడుతో బొడ్డు కోస్తే ధనుర్వాతంతో పోయిన పసికందులు ఎంతమందో. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు వచ్చిన తర్వాతే 2015లో పసిబిడ్డల ధనుర్వాతం దేశంలో నిర్మూలన స్థాయికి తగ్గిందని ప్రకటించగలిగారు. కాబట్టి ఆసుపత్రి వద్దు, ఇంటికి పోదాం అనేది మన నినాదం కాదు. ఆసుపత్రిలోకి ఆమె విద్యను ఎందుకు రానివ్వలేదు, ఆమె కూతుర్ని మాత్రం చీపురిచ్చి ఎందుకు రానిచ్చారు అన్నది మన ప్రశ్న. ఈ రోజు కాన్పు గదిలో నెత్తురు కడిగే ఆయాలు, స్వీపర్లు ఎక్కువగా మనవాళ్లే. ఇప్పుడు వాళ్లది కాంట్రాక్టు ఉద్యోగం. మైల పని అదే, మారింది జీతం ఇచ్చే పద్ధతి.

స్త్రీవాద కవిత్వం కాన్పు గదిని తెలుగు సాహిత్యంలోకి తెచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్' కవిత చదివిన తరానికి ఆ గది మళ్లీ మామూలు గదిలా కనిపించలేదు. ఆ మేలు చిన్నది కాదు. కాని ఆ గదిలో నొప్పులు పడే ఆడది ఒక్కతే కాదు, ఒక్క కులమూ కాదు. బల్ల మీద ఉన్నామెకూ, బల్ల కింద నేల తుడుస్తున్నామెకూ మధ్య ఉన్న దూరాన్ని రాయాల్సిన పని దళిత స్త్రీల మీదే పడింది.

4. మూడు ఊళ్లు, రెండు రకాల అన్యాయం

ఈ మాటల్ని నేల మీదికి తెద్దాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నా ఒడ్డున ఉన్న ఊళ్లు. వాటికి దక్షిణాన పులివెందుల. మన ప్రాంతపు వైద్య చరిత్రను ఈ మూడు ఊళ్లలోనే చదవొచ్చు.

జమ్మలమడుగులో పందొమ్మిదో శతాబ్దం చివర లండన్ మిషన్ వైద్య సేవ మొదలుపెట్టింది. తర్వాత అది సి.ఎస్.ఐ. క్యాంప్‌బెల్ ఆసుపత్రి అయింది. కడప జిల్లాలో లండన్ మిషన్ వెంట నడిచినవాళ్లు ఎక్కువగా మాలలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల్ని ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టడమే ఆ కాలంలో పెద్ద మార్పు. మిషనరీల ఉద్దేశాల మీద ఎంత చర్చయినా చేయొచ్చు. కాని ఆధునిక వైద్యం మనవాళ్లకు అగ్రవర్ణాల దయగా వచ్చింది కాదని ఆ ఆసుపత్రి గుర్తు చేస్తుంది.

వైద్యం చదివి బయటికొచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం పనిచేసింది ఆ మిషన్ ఆసుపత్రిలోనే. 1973లో ఆయన తండ్రి రాజారెడ్డి పేరుతో పులివెందులలో 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. గుండె ఆపరేషన్ అంటే చావే అనుకున్న ఇళ్లకు అది ఊపిరి పోసింది. ఆ మాట ఒప్పుకోవాలి. అదే పథకం సర్కారు డబ్బు ప్రైవేటు ఆసుపత్రికి పోయే కాలువ కూడా తవ్వింది. ఆ మాటా ఒప్పుకోవాలి. పులివెందులలోనే సర్కారు వైద్య కళాశాల భవనాలు లేచాయి. 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లకు అనుమతిస్తే, సౌకర్యాలు చాలవంటూ రాష్ట్ర ప్రభుత్వమే వద్దంది. ఏ పార్టీ తప్పెంత అన్నది వాళ్లు తేల్చుకుంటారు. అర్ధరాత్రి కాన్పుకు పోయే మనిషికి కావలసింది గది కాదు, గదిలో డాక్టరు.

ఇప్పుడు లెక్కలు చూడండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 నాటిది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్ అని చెప్పింది. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణలో 60.7. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు ఆసుపత్రుల్లో 26.6 అయితే ప్రైవేటులో 63. ఒకే రాష్ట్రం, ఒకే రకం శరీరాలు. ఆసుపత్రి గేటు మారితే కోత రెండింతల కన్నా ఎక్కువ ఎట్లా అవుతుంది? కష్టమైన కేసులు సర్కారుకే ఎక్కువ పంపుతారు కాబట్టి అక్కడే ఎక్కువ ఉండాలి కదా?

జవాబు వైద్యంలో లేదు, గడియారంలో ఉంది. మామూలు కాన్పు పన్నెండు గంటలు పట్టొచ్చు, రాత్రంతా పట్టొచ్చు. ఆపరేషన్ ఒక గంటలో అయిపోతుంది, బిల్లు మాత్రం పెద్దది. అప్పు చేసో, కమ్మలు కుదువ పెట్టో కడతారు. బంగారం అంగళ్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో కుదువ పెట్టడానికి అంగడి వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇది మొదటి అన్యాయం: అవసరం లేని కోత. రెండోది దీనికి తలకిందులు: అవసరమైనప్పుడు అందని కోత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో నూటికి 10 నుంచి 15 దాటకూడదంది. 2015లో మాత్రం ఒక అంకె వెంట పడడం కన్నా అవసరమైన ప్రతి ఆడమనిషికీ ఆపరేషన్ అందేట్టు చూడడం ముఖ్యమని చెప్పింది. సగటు ఎక్కువగా ఉన్నచోట అందరికీ అందుతున్నదని అనుకోవడం పొరపాటు. డబ్బున్నామెకు మంగళవారం పదిగంటలకు నిర్ణయించిన ఆపరేషన్ దొరుకుతుంది. మన కాలనీ ఆమెకు ఆదివారం రాత్రి రెండుగంటలకు అవసరమైన ఆపరేషన్ దొరకదు. మత్తు డాక్టరు ఉండడు, రక్తం ఉండదు. చిన్న ఆసుపత్రి నుంచి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి కడప రిమ్స్‌కు రాసిస్తే, ఆ దారి పొడుగునా లోపల బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతూ ఉంటుంది.

ఈ రెండు అన్యాయాలకూ మధ్య మూడోది ఒకటుంది, ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. కాన్పు గదిలో అవమానం. 'ఏ కాలనీ నుంచి వచ్చినారు?' అని అడిగితే చాలు, కులం అడగాల్సిన పని లేదు. ఆ తర్వాత చెయ్యి వేసే తీరు మారుతుంది, ఏకవచనం వస్తుంది. నొప్పికి అరిస్తే 'అప్పుడు తెలీలేదా ఈ నొప్పి?' అంటారు. తొడ మీద కొడతారు. తల్లినీ అక్కనూ లోపలికి రానివ్వరు. ఇట్లాంటి గది నుంచి తప్పించుకోవడానికి మనవాళ్లు కూడా అప్పు తెచ్చి ప్రైవేటుకు పోతున్నారు, కోత అడుగుతున్నారు. దాన్ని నొప్పి భయం అంటున్నారు. అది అవమానం మీద భయం.

5. మెదడుకు అసలు దెబ్బ ఎక్కడ?

'పుట్టంగానే ఏడ్వలేదు' అని మన ఇళ్లల్లో ఒక మాట ఉంది. నాలుగేళ్లకు మాట రాని బిడ్డ గురించో, మూర్ఛలు వచ్చే బిడ్డ గురించో అడిగితే అవ్వ చెప్పే మొదటి మాట అదే. వైద్యశాస్త్రం దీన్నే పుట్టుక సమయంలో ఆక్సిజన్ అందక మెదడుకు కలిగే గాయం అంటుంది. స్కానింగులో కనిపించి కరిగిపోయే తేడా లాంటిది కాదిది. బతికిన బిడ్డల్లో చాలామందికి జీవితాంతం ఉండిపోయే దెబ్బ.

ఈ దెబ్బకు కారణాలు చాలావరకు తెలిసినవే. నొప్పులు గంటల తరబడి సాగుతున్నా ఎవరూ చూడకపోవడం. బిడ్డ గుండె చప్పుడు అరగంటకొకసారైనా వినాల్సింది వినకపోవడం. తొందరగా కావాలని లెక్కాపత్రం లేకుండా నొప్పుల సూది వేయడం. పొట్ట మీద చేతులతో నొక్కడం. అవసరమైన ఆపరేషన్ ఆలస్యం చేయడం. వీటిలో ఏదీ 'మామూలు కాన్పు' అనే మాట వింటే గుర్తుకు రాదు. కాగితం మీద మాత్రం ఇదంతా మామూలు కాన్పే.

గాయమయ్యాక బాగు చేయడం ఎంత కష్టమో 2021లో వచ్చిన హెలిక్స్ పరిశోధన చూపించింది. ధనిక దేశాల్లో ఇట్లాంటి పసిబిడ్డల్ని మూడు రోజులు చల్లబరిచి మెదడును కాపాడే చికిత్స చేస్తారు. దాన్ని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డల మీద పరీక్షించారు. మేలు జరగలేదు. చల్లబరిచినవాళ్లలో నూటికి 42 మంది, మామూలు వైద్యం అందినవాళ్లలో 31 మంది చనిపోయారు. యంత్రం కొని తెచ్చినంత మాత్రాన సరిపోదు. దెబ్బ తగలకుండా కాన్పు గదిలోనే ఆపాలి.

రెండోది నెలలు. ముహూర్తం చూసి కోయించడం మన జిల్లాలకు కొత్త కాదు. గ్రహాలు బాగున్న గడియలో పుడితే బిడ్డ గొప్పవాడవుతాడని పంచాంగం చెప్తుంది. స్కాట్లాండ్‌లో నాలుగు లక్షలకు పైగా బడి పిల్లల రికార్డులు చూసిన 2010 నాటి అధ్యయనం వేరే మాట చెప్పింది. 40 వారాలకు పుట్టినవాళ్లతో పోలిస్తే 37 నుంచి 39 వారాల మధ్య పుట్టినవాళ్లలోనూ బడిలో ప్రత్యేక సాయం అవసరమైనవాళ్లు కొంచెం ఎక్కువ. ఒక్కొక్క బిడ్డకు ఆ ముప్పు చిన్నదే. కాని లక్షల కాన్పుల మీద అది చిన్నది కాదు. కడుపులో చివరి వారాలు మెదడు వేగంగా పెరిగే వారాలు. పంచాంగం ఆ వారాల్ని దొంగిలిస్తున్నది. పురోహితుడు ఒకప్పుడు పుట్టుకను బట్టి చదువు పంచాడు. ఇప్పుడు పుట్టుకనే ముందుకు జరుపుతున్నాడు. మనవాళ్లు కూడా ఆ ముహూర్తాల వెంట పడుతున్నారంటే భావజాలం పట్టు ఎంత గట్టిదో అర్థం చేసుకోవాలి.

మూడోది రక్తం. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో నూటికి 53.7 మందికి రక్తహీనత. తల్లి ఒంట్లో ఇనుము తీవ్రంగా తగ్గితే బిడ్డ మెదడుకు అందాల్సినదీ తగ్గుతుంది. కాన్పులో కొంచెం రక్తం పోయినా తల్లి తట్టుకోలేదు. అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బలపరిచింది ఈ సంగతి తెలిసే. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం యజమాని దయ కాదు, దాని భారం ప్రభుత్వం కూడా మోయాలన్నది ఆయన వైఖరి. కూలికి పోయే మన ఆడవాళ్లకు వేతనంతో కూడిన సెలవు ఇప్పటికీ లేదు. జననీ సురక్ష యోజన కింద మన రాష్ట్రంలో ఆసుపత్రిలో కన్న ఎస్సీ, ఎస్టీ తల్లికి పల్లెలో అయితే 700, పట్నంలో అయితే 600 రూపాయలని 2005లో పథకం పెట్టారు. తొమ్మిది నెలల కడుపుకు ఆ డబ్బుతో ఎన్ని రోజుల విశ్రాంతి వస్తుంది?

6. మనం ఏం అడగాలి?

'సిజేరియన్ తగ్గించండి' అనే ఒక్క నినాదం మనకు ప్రమాదం. దాన్ని పట్టుకుని అధికారులు సర్కారు ఆసుపత్రుల మీద అంకెల ఒత్తిడి పెడితే, కోత నిజంగా అవసరమైన మనవాళ్లకే అది ఆగిపోతుంది. ప్రైవేటు వాళ్లకు ఏమీ కాదు. అందుకే రెండూ కలిపి అడగాలి: అక్కర్లేని కోత ఆపండి, అవసరమైన కోత ఏ గంటలోనైనా ఇవ్వండి.

ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో, జమ్మలమడుగు, పులివెందుల సర్కారు ఆసుపత్రుల్లో రాత్రీ పగలూ కాన్పు డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం ఉన్నాయా అని సంఘాలు నెలనెలా అడిగి తెలుసుకోవాలి. ప్రతి ప్రైవేటు ఆసుపత్రీ ఎన్ని కాన్పులు చేసింది, ఎన్ని కోతలు కోసింది, ఏ కారణంతో అన్నది గోడమీద రాయాలి. కారణాల్ని వర్గాలుగా విడదీసి పోల్చడానికి రాబ్సన్ పద్ధతి ఉంది. దాన్ని వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కాన్పు గదిలోకి తల్లి కోరుకున్న మనిషిని రానివ్వాలి. కాన్పు గదుల్ని బాగు చేయడానికి 2017లో మొదలైన లక్ష్య పథకంలోనే ఈ మాట ఉంది. పక్కన అక్క నిలబడి ఉంటే చెయ్యి లేవదు.

మంత్రసాని విద్యకు కొత్త రూపం కావాలి. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ ఇస్తున్నది. 2017లో కరీంనగర్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లతో కలిసి సర్కారు నర్సులకు ఆ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. కడప జిల్లాలో ఇట్లాంటి శిక్షణకు సీట్లు పెడితే, తరతరాలు మైల పేరుతో ఈ పని చేసిన కులాల ఆడపిల్లలకు అందులో ముందు వాటా రావాలి. చీపురు నుంచి కాదు, చదువు నుంచి వాళ్లు ఆ గదిలోకి రావాలి.

ఇక మన బిడ్డల సంగతి. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల ఎదుగుదలను పరీక్షించాలి. మెడ నిలబడడం, పాకడం, మాట రావడం ఆలస్యమైతే ఆపరేషన్ బిడ్డనో, గ్రహచారమనో ఊరుకోకుండా ఆ పరీక్ష చేయమని అడగాలి. తొలి ఏళ్లలో సాయం అందితే మెదడు కోలుకునే అవకాశం ఎక్కువ. ఆ 306 మంది పిల్లల అధ్యయనంలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన సగం ఇదే: పసి మెదడు పుట్టిన రోజున ఆగిపోదు, పెరుగుతూ తేడాలను సరిచేసుకుంటుంది. తిండి, మాట, ఆట, బడి దానికి దారులు.

పుట్టుకతోనే అంతా తేలిపోతుందని చెప్పేవాడు శాస్త్రం పేరు చెప్పినా, శాస్త్రాల పేరు చెప్పినా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: పుట్టిన తర్వాత మా బిడ్డకు మీరేం ఇచ్చారు?